కంఠస్థమైన కావ్యము: స్టాలిన్ కాలపు రష్యాలో దాంపత్యము, పాఠరక్షణము

ప్రాచీన గ్రంథములను పరిష్కరించు పండితునకు పరిచితమైన సామగ్రి తాళపత్రము, కాగితపు ప్రతి, శాసనము అనునవి. వ్రాయసకాని పొరపాట్లు, చెదలు తిన్న అంచులు, ప్రక్షిప్తములు, పాఠభేదములు మొదలగువాని స్వభావము మనకు తెలిసినదే. బ్రౌను దొర వేమన పద్యముల ప్రతులను సేకరించి సరిచూపించిన నాటినుండి మన పరిష్కర్తలు ప్రధానముగ ఈ మార్గముననే నడచిరి. కాని ఇరువదవ శతాబ్దమున, అచ్చుయంత్రములు రేయింబవళ్ళు పనిచేయుచుండిన ఒక మహాదేశమున, ఒక మహాకవి ఉత్తరకాలపు రచనలకు దాదాపు ఇరువదేండ్లపాటు ముఖ్యాధారములలో ఒకటి ఒక స్త్రీ జ్ఞాపకశక్తి అని చెప్పినచో వింతగా తోపవచ్చును. ఆ కవి ఓసిప్ మండెల్‌ష్టామ్ (1891–1938). ఆ స్త్రీ ఆయన భార్య నదేజ్దా (1899–1980). రష్యన్ భాషలో ఆమె పేరునకు ఆశ యని అర్థము.

స్టాలిన్ యుగమును వర్ణించు చరిత్రకారులు సాధారణముగ సంఖ్యలతో ఆరంభింతురు. 1937, 1938 సంవత్సరములలోనే సోవియట్ దేశమున రాజకీయ నేరములపై మరణశిక్ష పొందినవారు 6,81,692 మంది యని ఆ ప్రభుత్వపు లెక్కలే చెప్పుచున్నవి. ఆ సంఖ్యను మరువరాదు. అయినను మేము ఇచ్చట విచారింపదలచినది వేరొక విషయము. అట్టి రాజ్యమున ఆలుమగల అనురాగము నిత్యజీవితమున ఏ పనిగా పరిణమించెను? ఆ పనివలన నిలిచిన పాఠమును విమర్శకుడు ఎంతవరకు నమ్మవచ్చును? మొదటిది చరిత్రకు, రెండవది పాఠవిమర్శకు సంబంధించిన ప్రశ్నవలె కనబడును గాని ఇవి రెండును విడదీయరానివని మా అభిప్రాయము.

ఈ విషయము తెలుగు శాఖ పత్రికకు దూరమని తలంపనక్కరలేదు. 1943లో తెనాలిలో రూపొందిన అభ్యుదయ రచయితల సంఘము మొదలుకొని మన ఆధునిక సాహిత్యములో ఒక పెద్ద పాయకు రష్యా ఆదర్శభూమిగ నుండెను. గోర్కీ నవల క్రొవ్విడి లింగరాజుగారి చేతిలో 'అమ్మ'గా తెలుగు పాఠకుల ఇండ్లకు వచ్చెను. తరువాత మాస్కోలోనే ముద్రితమై స్వల్పమైన వెలకు మన ఊళ్ళలో దొరకిన తెలుగు పుస్తకములను చదివి పెరిగినవారు మనలో ననేకులు. ఆ పుస్తకములు మంచివే. వాని మేలును మేము కాదనము. కాని వానిని ఎన్నుకొనినది ప్రభుత్వ ప్రచురణాలయము. ఆ ఎన్నికకు వెలుపల నిలిచిన సాహిత్యము వేరొకటి కలదు.

మొదట ఆ కాలపు ఇంటి స్వరూపమును చూడవలెను. 1932 డిసెంబరులో సోవియట్ ప్రభుత్వము దేశములోపలనే చెల్లు అనుమతి పత్రముల పద్ధతిని ప్రవేశపెట్టెను. ఏ పట్టణమున నివసించుటకైనను పోలీసు నమోదు కావలసియుండెను. నమోదు లేనివానికి ఇల్లు లేదు, ఉద్యోగము లేదు. మహానగరములలో కుటుంబమున కొక్క గది, అట్టి అనేక కుటుంబములకు కలిపి ఒకే వంటగది, ఒకే స్నానపుగది. ఎవరి యింటికి చుట్టము వచ్చినను వీథితలుపు గంట ఎన్నిమారులు మ్రోగినదో లెక్కించి, వచ్చినది ఎవరికొరకో అందరును గ్రహించెడివారు. గదుల నడుమ గోడలు పలుచనివి. ఆలుమగలు మాటలాడుకొనుట కూడ నలుగురిలో మాటలాడుటయే.

ఆంగ్ల చరిత్రకారుడు ఆర్లాండో ఫైజెస్ 2007లో ప్రకటించిన గ్రంథమున ఒక భాషావిశేషమును గుర్తించెను. గుసగుసలాడు మనిషిని తెలుపుటకు రష్యన్ భాషలో రెండు పదములు కలవు. ఒకటి ఇతరులు విందురను భయముతో మెల్లగా మాటలాడువానిని, రెండవది అధికారుల చెవిలో కొండెములు చెప్పువానిని తెలుపును. మన భాషలో గుసగుస వేరు, కొండెము వేరు. రెండింటికి ధాతుసంబంధము లేదు. అచ్చట రెండును ఒకే ధాతువునుండి పుట్టినవి. శబ్దార్థచరిత్రను బోధించువారికి ఇది మంచి ఉదాహరణము.

ఇంతకు మించి, దాంపత్యమునే నేరముగ చేసిన శాసనము కలదు. 1937 ఆగస్టు 15వ తేదీన రక్షకశాఖాధిపతి యెజోవ్ వెలువరించిన 00486వ సంఖ్యగల ఆజ్ఞ ప్రకారము, దేశద్రోహులుగ శిక్షింపబడినవారి భార్యలు, తాము వేరుగ ఏ అపరాధమును చేయకున్నను, 5 మొదలు 8 సంవత్సరముల వరకు నిర్బంధ శిబిరములకు పంపబడవలెను. పసిబిడ్డలు అనాథాశ్రమములకు పోవలెను. 1938 శరత్కాలము నాటికి ఇట్లు పట్టుబడిన భార్యలు 18,000 మందికి పైబడిరి. ఆ ఆజ్ఞలో ఒక మినహాయింపు కూడ కలదు: భర్త నేరమును తానే బయటపెట్టిన భార్యను నిర్బంధింప నక్కరలేదు. ఈ ఒక్క నిబంధనను మా విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెనని కోరుచున్నాము. నియంతృత్వము ప్రేమను నిషేధింపలేదు. దాని వెల నిర్ణయించినది.

ఇక మండెల్‌ష్టామ్ దంపతుల విషయము. వారు 1919 మే 1వ తేదీన కీవ్ నగరమున కలిసికొనిరి. ఆమె అప్పుడు చిత్రకళాభ్యాసము చేయుచుండిన యువతి. ఆయన అప్పటికే ప్రసిద్ధకవి. వారి కాపురము ఆదర్శ దాంపత్యముల పట్టికలో చేర్పదగినది కాదు. 1925లో ఆయన మనస్సు ఓల్గా వాక్సెల్ అను మరియొక స్త్రీపైకి పోగా, నదేజ్దా పెట్టె సర్దుకొని వెడలిపోవుటకు సిద్ధపడెను. ఈ సంగతిని లోకమునకు తెలిపినవారిలో ఆమెయే ఒకతె. ప్రేమ యను మాటను మేము ఈ వ్యాసమున వాడునపుడు ఇట్టి పగుళ్ళు గల, నిజమైన కాపురమునే ఉద్దేశించుచున్నాము.

1933 నవంబరులో మండెల్‌ష్టామ్ స్టాలిన్ రూపమును, ఆయన అనుచరగణమును అవహేళన చేయుచు 16 పాదముల కవితనొకదానిని రచించెను. దానిని కాగితముపై పెట్టక కొలదిమంది మిత్రులకు మాత్రము వినిపించెను. 1934 మే మాసమున ఒక రాత్రి రక్షకభటులు మాస్కోలోని ఆయన ఇంటికి వచ్చిరి. ఆనాడే లెనిన్‌గ్రాడ్ నుండి కవయిత్రి అన్నా అఖ్మతోవా అతిథిగా వచ్చియుండెను. ఇంట తినుట కేమియు లేక, ఆమెకొరకు పొరుగువారినుండి ఒక కోడిగ్రుడ్డును తెచ్చి బల్లపై నుంచిరి. సోదా తెల్లవార్లును జరిగెను. భటులు కాగితములను నేలపై పరచి వానిపైననే నడచిరి. పొరుగు గదినుండి గిటారు వాద్యము వినబడుచుండెను. తెల్లవారి కవిని తీసికొనిపోవు సమయమున, ఏదైన తినుమని అఖ్మతోవా చెప్పగా, ఆయన కూర్చుండి ఆ గ్రుడ్డును ఉప్పు అద్దుకొని తినెను. ఈ వృత్తాంతమును ఆ ఇరువురు స్త్రీలు వేర్వేరుగ తమ స్మృతులలో నమోదు చేసిరి. ఒక యుగపు నిత్యజీవితమును తెలిసికొనుటకు ఆ గ్రుడ్డు కొన్ని శాసనములకంటె ఎక్కువగ ఉపకరించునని మేము తలంచుచున్నాము.

విచారణలో కవి తన కవితను స్వహస్తముతో వ్రాసి ఇయ్యవలసివచ్చెను. విన్నవారి పేర్లనుకూడ చెప్పెను. ఆ విధముగ, భార్యయు మిత్రులును కాగితముపై పెట్టుటకు భయపడిన కవితకు కవి చేవ్రాతప్రతి రక్షకశాఖ దస్తావేజులలో భద్రముగ నిలిచెను. సోవియట్ పాలన సడలిన కాలమున అది వెలుగు చూచినది. నదేజ్దా స్మృతులలో మరియొక విశేషము కలదు. విచారణాధికారి చేత నుండిన పాఠము కవి తరువాత మార్చిన తొలి రూపమట. కావున ఆ తొలి రూపమును ఎవరికి వినిపించిరో వారివలననే గుట్టు బయటపడియుండునని ఆమె ఊహించెను. పాఠభేదమును ఆధారముగ చేసికొని మూలప్రతిని గుర్తించుట మన వృత్తి. ఇచ్చట అదే పద్ధతి ద్రోహిని గుర్తించుటకు వినియోగపడెను. ఆమె అనుమానమును తరువాతి పరిశోధకులందరును అంగీకరింపలేదు. ఒకే పాఠభేదముపై ఆధారపడి వంశవృక్షమును గీయరాదను సూత్రము మనుష్యుల శీలవిషయమున మరింత కఠినముగ వర్తించును.

శిక్ష తొలుత చెర్దీన్‌లో ప్రవాసము. భార్య వెంటపోవుటకు అనుమతించిరి. అచ్చటి ఆసుపత్రిలో మతి చలించిన కవి, ఆమె ఒక క్షణము కన్నుమూసినపుడు, కిటికీనుండి దూకి భుజము విరుగగొట్టుకొనెను. పిమ్మట వోరొనెజ్ పట్టణమున 1937 మే వరకు మూడేండ్ల వాసము. అద్దెగదులు, అప్పులు, మిత్రులు పంపు కొలది ధనము. ఈ దారిద్ర్యములోనే ఆయన కవిత్వమునకు శిఖరమని పలువురు చెప్పు సుమారు 90 కవితలు పుట్టెను.

మండెల్‌ష్టామ్ బల్లవద్ద కూర్చుండి వ్రాయు కవి కాడు. నడచుచు, పెదవులు కదల్చుచు, పూర్తియగు వరకు నోటిలోనే కవితను కట్టెడివాడు. పిమ్మట భార్యకు చెప్పి వ్రాయించెడివాడు. ఆ కవితలు బడిపిల్లలు వాడు నోటుపుస్తకములలో చేరుటచే వోరొనెజ్ నోటుపుస్తకములని ప్రసిద్ధికెక్కినవి. కనుక ఆమె స్మృతి పాఠము నశించిన పిదప వచ్చిన ప్రత్యామ్నాయము కాదు. కవిత పుట్టుకలోనే ఆమె చెవి, ఆమె చేయి ఉన్నవి. ఆమె వ్రాసిన కాగితములలో కొన్ని దిండ్లలో కుట్టబడినవి, కొన్ని వంటపాత్రలలోను పాదరక్షలలోను దాగినవి, కొన్ని నమ్మిన మిత్రుల ఇండ్లకు చేరినవి. వోరొనెజ్‌లో ఉపాధ్యాయినిగ నుండిన నతాషా ష్టెంపెల్ తన వద్ద నుంచిన ప్రతులను యుద్ధకాలమున కూడ విడువక కాపాడెను. అందరి చేతులలోను అవి అట్లు నిలువలేదు.

1938 మే 2వ తేదీన మండెల్‌ష్టామ్ రెండవమారు బంధింపబడెను. ఆగస్టులో ఐదేండ్ల శిక్ష. ఆ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన వ్లాదివోస్తోక్ సమీపమున, ఖైదీలను ఆవలికి పంపుటకై నిలిపియుంచు ఒక శిబిరమున మరణించెను. ఆయన వద్దనుండి ఇంటికి వచ్చినది ఒకే యొక లేఖ. భార్య పంపిన పొట్లము, గ్రహీత మృతిచెందుటచే, 1939 ఫిబ్రవరిలో తిరిగివచ్చెను. ఆమెకు వైధవ్యవార్త అందినది తపాలా కార్యాలయపు కిటికీ వద్ద.

భర్త పట్టుబడిన పిదప ఆమె స్త్రునినో అను చిన్న పట్టణమున బట్టల మిల్లులో పనికి కుదిరెను. రాత్రిపాళీలలో యంత్రముల నడుమ తిరుగుచు, ఆ మ్రోతలో ఎవరికిని వినబడదను ధైర్యముతో, భర్త కవితలను వల్లెవేసికొనెడిది. రక్షకశాఖవారు పిలిచి ప్రశ్నించిన పిదప, తోటి కార్మికులు తలకొక కొంత పోగుచేసి ఇచ్చిన పైకముతో ఆమె ఊరు విడిచెను. కవియెవరో, కవిత్వమేమో ఆ కార్మికులకు తెలియదు. ఆ పైకము లేకున్న ఈ పాఠచరిత్ర అచ్చటనే ముగిసియుండెడిదేమో.

అటుపై యుద్ధకాలమున తాష్కెంటు. పిదప ఉల్యానొవ్‌స్క్, చితా, చెబొక్సారీ, ప్స్కోవ్ మొదలగు పట్టణముల కళాశాలలలో ఆంగ్లభాషాధ్యాపనము. మనవలెనే పాఠములు చెప్పుకొని బ్రతికిన వ్యక్తి. 1956లో ఆమె భాషాశాస్త్రమున పరిశోధన పట్టమును పొందెను. పగలు క్రియారూపములు బోధించుట, రాత్రి గది తలుపు మూసికొని కవితలను, కొంత వచనమును కూడ, వరుసతప్పక నెమరువేయుట. 1956 ప్రాంతము వరకు తనకు సర్వమును కంఠస్థముగ నుండెనని ఆమె చెప్పుకొనెను.

ధారణ మనకు క్రొత్తది కాదు. వేదపాఠకులు పద, క్రమ, జట, ఘన పద్ధతులతో అక్షరమును తప్పిపోనీయని కట్టుబాటును కల్పించిరి. అవధాని సభాంతమున పద్యములన్నిటిని అప్పగించి కరతాళధ్వనులందును. ఇంటి ఆడువారి నోళ్ళలో తరతరములుగ నిలిచిన రామాయణపు పాటలను బిరుదురాజు రామరాజుగారివంటి పరిశోధకులు మనకు పరిచయము చేసిరి. నదేజ్దా ధారణ ఈ మూడింటికిని భిన్నము. వేదపాఠమునకు గురుశిష్యపరంపర కలదు, ఒకరు తప్పిన మరియొకరు దిద్దుదురు. ఆమెకు దిద్దువారు లేరు. అవధానికి సభ కలదు. ఆమెకు సభ కలుగుటయే ప్రమాదము. స్త్రీల పాట పాడినకొలది మారును, మారుటయే దాని ప్రాణము. ఆమె మోసిన కవితలో ఒక్క పదము మారినను నష్టమే. మన దేశములో దీనికి కొంత సమీపించు ఉదాహరణము నిజాము పాలన చివరి దినములనాటి నిజామాబాదు చెరసాల. అచ్చట దాశరథి గోడపై బొగ్గుతో వ్రాసిన పద్యములకు తోటిఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి తొలి పాఠకుడు. కాని ఆ నిర్బంధము కొలదికాలములో ముగిసెను. కవి తానే బయటికి వచ్చి తన పద్యములను అచ్చువేయించుకొనెను.

రష్యాలో నదేజ్దా ఒంటరి కాదని కూడ చెప్పవలెను. అఖ్మతోవా కుమారుడు లేవ్ 1938లో మరల బంధింపబడినపుడు, లెనిన్‌గ్రాడ్ చెరసాల ముంగిట తల్లులు, భార్యలు నిలిచిన వరుసలలో ఆమెయు నెలల తరబడి నిలిచెను. ఆ అనుభవమే 'రెక్వియెమ్' కావ్యము. దానిని ఆమె ముద్రించుట యటుండగా ఇంట వ్రాసి ఉంచుటకును సాహసింపలేదు. లీడియా చుకోవ్‌స్కయా వచ్చినపుడు, గోడలకు చెవులుండునను శంకతో, పైకి వాతావరణమును గూర్చియో తేనీటిని గూర్చియో బిగ్గరగా మాటలాడుచు, చిన్న కాగితపు ముక్కపై పాదములను వ్రాసి చేతికిచ్చెడిది. చుకోవ్‌స్కయా చదివి కంఠస్థము చేసి తిరిగి ఈయగా, అగ్గిపుల్ల గీచి బూడిదతట్టలో దానిని కాల్చెడిది. ఆ కావ్యము సమగ్రముగ కాగితముపైకి వచ్చినది 1962లో, అచ్చైనది 1963లో, అదియు మ్యూనిక్‌లో, స్వదేశమున 1987లో.

ఆ కాగితపు ముక్కలను చదివిన చుకోవ్‌స్కయా తానును భర్తను పోగొట్టుకొనినదే. భౌతికశాస్త్రజ్ఞుడైన మత్వేయ్ బ్రాన్‌స్టైన్ 1937 ఆగస్టులో బంధింపబడి 1938 ఫిబ్రవరి 18వ తేదీన కాల్చివేయబడెను. ఆమెకు అధికారులు చెప్పినది, ఉత్తరప్రత్యుత్తరముల హక్కు లేని పదేండ్ల శిక్ష యని. ఈ వాక్యమునకు మరణశిక్ష యని అర్థమని ఎందరో భార్యలకు చాలకాలమునకుగాని తెలియలేదు. ప్రభుత్వమే నిఘంటువును మార్చి, అర్థమును దాచిపెట్టిన కాలమది. అట్టి స్థితిలో ఆమె పరుల కవితను మోయుటకు తన మనస్సులో చోటిచ్చెను.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వత్తము. ప్రేమచే కాపాడబడిన పాఠమును నమ్మవచ్చునా? ప్రేమ కాపాడును, నిజమే. కాని ప్రేమ దిద్దును కూడ. భర్త కీర్తికి కళంకమని తోచిన దానిని భార్య విడిచిపెట్టుట సహజము. ఈ సందేహమునకు సమాధానముగ మేము ఒక సాక్ష్యమును చూపగలము. 1937 ఆరంభమున, ప్రాణభయముతో, మండెల్‌ష్టామ్ స్టాలిన్‌ను స్తుతించుచు ఒక దీర్ఘకవితను వ్రాసెను. అది ఆయనను రక్షింపలేదు. దానిని రూపుమాపుమని నదేజ్దాకు సలహా ఇచ్చినవారు పలువురు. నాశనము చేయుట ఎంత సులభము! ఎవరును ఆక్షేపించియుండరు. ఆమె దానిని ఉంచెను. అది లేనిచో భర్త జీవితసత్యము అసంపూర్ణమగునని ఆమె భావము. తనకు ప్రతికూలమైన పాఠమును నిలిపిన సాక్షిని విమర్శకుడు గౌరవింపవలెను. కవితల విషయమున ఆమె వాఙ్మూలమును మేము మొత్తముపై స్వీకరించుటకు ఇదియే ముఖ్యకారణము.

వ్యక్తుల విషయమున ఆ తూనికరాయి పనికిరాదు. ఆమె స్మృతిగ్రంథములు మొదటిది 1970లోను, రెండవది 1972లోను విదేశములలో ప్రకటితమైనవి. మొదటిది యుగచిత్రణమున సాటిలేనిది. రెండవదానిలో సమకాలికులపై ఆమె తీర్పులు పలుచోట్ల కఠినములు, కొన్నిచోట్ల అన్యాయములు. చుకోవ్‌స్కయా దానికి ప్రత్యుత్తరముగ ఒక గ్రంథమును వ్రాయ నారంభించి పూర్తిచేయకయే మరణించెను. అది ఆమె మరణానంతరము అచ్చైనది. దంపతులను దగ్గరగా ఎరిగిన ఎమ్మా గెర్‌స్టైన్ 1998లో వెలువరించిన స్మృతులలో ఆ కాపురపు చిత్రమే వేరు. కవితను అక్షరము తప్పక మోసిన అదే మనస్సు మనుష్యులను గూర్చి చెప్పునపుడు పక్షపాతమునకు లోనుకావచ్చును. ఛందస్సు కవితకు కట్టుబాటు. పాదము తప్పినచో చెవి పట్టుకొనును. మనుష్యుల జ్ఞాపకమునకు అట్టి కట్టు లేదు. ఈ భేదమును గుర్తింపక, ఆమె గ్రంథములను పూర్తిగ నమ్మువారును పూర్తిగ త్రోసిపుచ్చువారును సమానముగ పొరపడుచున్నారని మాకు తోచుచున్నది.

రెండవ గ్రంథము చివర ఒక లేఖ కలదు. అది 1938 అక్టోబరు 22వ తేదీన, భర్త ఎచ్చటనున్నాడో తెలియక, ఆమె అతనికి వ్రాసినది. అది అతనికి చేరలేదు. అందులో స్టాలిన్ ప్రసక్తి లేదు, న్యాయాన్యాయవిచారము లేదు. దరిద్రములో కలిసి తిన్న తిండి, కలిసి గడపిన చలికాలము, ఇట్టి చిన్న ముచ్చటలే. అనుదిన జీవితమే ప్రేమకు విషయము. అఖ్మతోవా స్మృతిలోని గ్రుడ్డును, ఈ లేఖలోని తిండిని చేర్చి చదివినపుడు, చరిత్రకారుడు సాంఘికజీవనమని పిలుచు సామగ్రి అంతయు ఇచ్చట కలదని తెలియును.

సోవియట్ దేశమున మండెల్‌ష్టామ్ కవితాసంపుటము మరల అచ్చైనది 1973లో. దానిని పరిష్కరించిన ఖర్జియేవ్‌తో పాఠములను గూర్చియు కాగితములను గూర్చియు నదేజ్దాకు తీవ్రవివాదము నడచెను. ఆ కలహపు వివరములు ప్రత్యేక వ్యాసమునకు తగినవి. 1970లలో ఆమె భర్త కాగితములను రహస్యముగ విదేశమునకు పంపించి, 1976లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునకు దానము చేసెను. నేడు పరిశోధకుడు వానిని అచ్చట చూడవచ్చును. వోరొనెజ్ కవితల ప్రతులలో అధికభాగము నదేజ్దా చేవ్రాతలోనే ఉన్నవి. కవి చేవ్రాత అచ్చటచ్చట మాత్రము కనబడును.